వెండినీళ్ళు వెనక్కి తెచ్చిన మా కోడలు

మా కోడలు జయశీల గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు ఢిల్లీలో చాలామందే ఉన్నారు. ఆమె పనిచేసే ప్రభుత్వాసుపత్రిలో, గుండె వార్డులో, ఈ ఇరవయ్యేళ్ళలో ఆమె చేతికింద పని నేర్చుకున్న నర్సులు వందమందికి తక్కువ ఉండరు. వాళ్ళలో ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. అయినా నేనే రాస్తాను. వాళ్ళు ఆమె పనితనం కళ్ళతో చూశారు, నేను ఒంటితో తెలుసుకున్నాను.

నా ఒళ్ళు ఇప్పుడు పలక రంగులో ఉంటుంది. మెట్రోలో నా ఎదుట కూర్చున్నవాళ్ళు ఒకసారి చూసి, మర్యాదకి తల తిప్పుకుని, ఆగలేక మళ్ళీ చూస్తారు. చూసుకోనీ అని నేనూ మీసం మెలేసి కూర్చుంటాను. ఆ రంగు ఎలా వచ్చిందో ఇందులోనే చెబుతాను గాని, ముందు మా కోడలి సంగతి.

జయశీలది చినగంజాం. వాళ్ళ నాన్న చిట్టిబాబు ఉప్పు కొఠార్లలో కూలికి వెళ్ళేవాడు. ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి ఆయన కాళ్ళు బీటలు వారి ఉండేవి. ఎండాకాలం సెలవుల్లో ఈమె కూడా గంపలు మోసింది. పదో తరగతి తర్వాత పాస్టరమ్మగారు పట్టుబట్టి మిషన్ ఆసుపత్రి నర్సింగు బళ్ళో చేర్పించారు. అక్కడ ఒక ముసలి సిస్టరు ఉండేదట. రోగి పేరు అడిగే ముందు చెయ్యి పట్టుకోవాలి, గోరు నొక్కి వదలాలి, పోయిన ఎరుపు ఎంతసేపట్లో తిరిగొస్తుందో, ఏ రంగులో వస్తుందో చూడాలి. ఆ తర్వాతే పేరు. మూడేళ్ళు ఇదే పాఠం. అది మా కోడలికి ఎంత అలవాటైపోయిందంటే, చర్చిలో ఎవరైనా వందనాలు చెప్పి చెయ్యి కలిపితే వాళ్ళ గోరు నొక్కకుండా వదలదు. కొత్తవాళ్ళు బెదిరిపోతారు.

ఎనభై తొమ్మిదిలో ఒక రేకు ట్రంకు పెట్టెతో ఢిల్లీలో దిగింది. హిందీలో వచ్చినవి రెండే మాటలు, నమస్తే ఒకటి, పానీ ఒకటి. చేరిన మొదటి వారంలోనే ఒక ముసలామె మంచం మీద నుంచి "ఘబ్‌రాహట్ హో రహీ హై బేటీ" అందట. అంటే ఏమిటో ఈమెకు తెలియదు. పక్కనున్న నర్సు, ఏదో కంగారు పడుతోందిలే అని నవ్వేసింది. జయశీల గోరు నొక్కి చూసి డాక్టరు కోసం పరిగెత్తింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆ ముసలామె దక్కేది కాదని డాక్టరే అన్నాడట. గుండె దడగా ఉందనడానికీ అక్కడివాళ్ళు అదే మాట వాడతారని మా కోడలు రెండ్రోజుల తర్వాత తెలుసుకుంది. ఈ కథ నేను కనీసం యాభైమందికి చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా ఆ ముసలామె వయసు కొంచెం పెరుగుతోందని మావాడు వేళాకోళం చేస్తాడు. పెరిగితే ఏం?

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. నా పేరు పౌలురాజు. మాది బాపట్ల దగ్గర పల్లె. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి, ఢిల్లీ కంటోన్మెంట్‌లో సుబేదారుగా దిగిపోయాను. వైర్లు, బ్యాటరీలు, వైర్‌లెస్ సెట్లు, అవే నా చదువు. కోపం ముక్కు మీద ఉంటుంది. నేను చెప్పిందే జరగాలంటాను. ఇది కూడా సైన్యంలో నేర్చుకున్నదేనని సరోజిని, అంటే నా భార్య, నమ్మేది కాదు. పెళ్ళినాటి నుంచి ఇంతేననేది.

తొంభై ఆరులో మా అబ్బాయి నథానియేలుకి సంబంధం చూడటానికి ఉత్తమ్‌నగర్‌లో జయశీల వాళ్ళ పిన్నిగారింటికి వెళ్ళాం. పిల్ల కాఫీ తెచ్చింది. నేను గ్లాసు అందుకోబోతే, గ్లాసు వదలకుండా నా వేళ్ళు చూసి, "బీడీలు ఎన్నాళ్ళబట్టి తాగుతున్నారండీ?" అంది. పిల్లని మేము ప్రశ్నలు అడగడానికి వెళ్తే, పిల్ల నన్ను అడిగింది! నేను ఒంటికాలి మీద లేవబోయాను. సరోజిని నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టి, "ఇరవై ఐదేళ్ళ నుంచమ్మా. నేను చెబితే వినడు. నువ్వైనా చెప్పు" అంది. సంబంధం ఆ క్షణంలోనే ఖాయమైపోయింది. బస్సులో తిరిగొస్తూ దారంతా గొణుక్కున్నాను. బీడీలు మాత్రం ఆ ఏడాది తిరక్కుండా మానేశాను.

సరోజిని పోయాక నేను జనక్‌పురిలో కొడుకూ కోడలూ ఉండే ఇంటికి వచ్చేశాను. రెండో అంతస్తు, పైన మేడ, మేడ మీద చిన్న గది. అది నాకిచ్చారు. మనవరాలు స్తుతి అప్పటికి మూడేళ్ళది. ఢిల్లీ చలికాలం నాకు పడేది కాదు. నవంబరు వచ్చిందంటే దగ్గు, ఆయాసం. రెండు వేల మూడు నవంబరులో జయశీల నన్ను ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఇన్‌హేలర్ ఇప్పించింది. పొద్దునా సాయంత్రం పీల్చమంది. సరేనన్నాను.

సరిగ్గా అదే నెలలో భీమేశ్వరరావు వచ్చాడు. నాతోపాటు సైన్యంలో పనిచేసినవాడు, గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సెక్యూరిటీ ఇన్‌చార్జి. కాలేజీ కంప్యూటర్ నుంచి ప్రింటు తీసిన కాగితాలు తెచ్చాడు. నీళ్ళలో రెండు వెండి తీగలు ఉంచి బ్యాటరీలు తగిలిస్తే వెండి నీళ్ళలోకి దిగుతుందట. ఆ నీళ్ళు తాగితే ఏ క్రిమీ బతకదట. అరవై జబ్బుల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. నా దగ్గు అందులో పదకొండోది.

"అరే యార్, నీకు బ్యాటరీలు తగిలించడం ఎవడు నేర్పాలిరా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను. తిలక్‌నగర్‌లో నగల దుకాణంలో రెండు వెండి తీగలు తీయించాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడు వరసగా కట్టాను. గ్లాసులో మంచినీళ్ళు పోసి తీగలు ముంచితే ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. ఉప్పునీళ్ళలో కరెంటు బాగా పారుతుందని సిగ్నల్స్‌వాడికి ఒకరు చెప్పాలా? చిటికెడు ఉప్పు వేశాను. తీగల చుట్టూ తెల్లగా పొగలాగా లేచింది. నీళ్ళు పాలు కలిపిన నీళ్ళలా మసకబారాయి. నాకు యుద్ధం గెలిచినంత సంబరమైంది. ఉప్పు వేయకూడదని ఆ కాగితాల్లో ఇంకో పేజీలో ఉందట. ఆ పేజీ భీమేశ్వరరావు ప్రింటు తీయలేదు.

పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. ఆ చలికాలం దగ్గు తగ్గింది. ఒక చేత్తో ఇన్‌హేలర్ పీలుస్తూ, ఇంకో చేత్తో వెండినీళ్ళకి దండం పెట్టిన మొనగాణ్ణి నేను. మేడ మీద బ్యాటరీలు చూసి జయశీల ఒకసారి ఏమిటని అడిగింది. మిలిటరీలో నీళ్ళు శుద్ధిచేసే పద్ధతిలే అన్నాను. మిలిటరీ మాట ఎత్తితే మా ఇంట్లో ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు. వెండి గురించి నాకు భయం ఎందుకుంటుంది? మనవైపు పసిబిడ్డకి పాలు పట్టేదే వెండి ఉగ్గుగిన్నెతో. నేను పెరిగిందీ, నథానియేలు పెరిగిందీ, స్తుతి పెరిగిందీ అదే గిన్నెతో.

అలా మూడేళ్ళు గడిచాయి. రెండు వేల ఆరు ఎండాకాలంలో బాపట్ల వెళ్ళి రెండు నెలలుండి వచ్చాను. చర్చిలో అందరిదీ ఒకటే మాట. "ఏందంకుల్, బాగా నల్లబడ్డారు!" మనవాళ్ళు ఊరెళ్ళొచ్చినవాణ్ణి పలకరించే మొదటి మాట అదే కదా. చిక్కిపోయావు, కాకపోతే నల్లబడ్డావు. నేనూ ఎండలమ్మా ఎండలు అంటూ నవ్వేసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అందరికీ అందరం ఆ మాట అంటూనే ఉంటాం గనుక, అది నలుపు కాదన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు. పట్టింది ఆరేళ్ళ స్తుతికే. బడిలో కుటుంబం బొమ్మ గీయమంటే, అమ్మకీ నాన్నకీ గోధుమరంగు వేసి నాకు బూడిదరంగు వేసింది.

"ఇదేంటే, నాకు బూడిద పూశావు? ఆ రంగు అయిపోయిందా?" అన్నాను.

"నహీఁ తాతా, ఆప్ ఐసే హీ హో" అంది. నువ్వు ఉండేదే ఇలా అని.

పిల్లకి రంగులు తెలియడం లేదు, కళ్ళు పరీక్ష చేయించమని వాళ్ళ నాన్నకి చెప్పాను.

ఆ ఏడాది వానలు తగ్గాక ఢిల్లీలో జ్వరాలు విరుచుకుపడ్డాయి. డెంగీ అన్నారు, చికున్‌గున్యా అన్నారు. ఆసుపత్రుల్లో మంచానికి ఇద్దరు. జయశీలని జ్వరాల వార్డుకి వేశారు, చీకటితో వెళ్ళి పొద్దుపోయాక వచ్చేది. ఐదు ఆదివారాలు చర్చికి రాలేకపోయింది. మా తెలుగు సంఘం ఆదివారాలు జనక్‌పురిలో ఒక స్కూలు హాల్లో కూడుకుంటుంది. పాటలయ్యాక సాక్ష్యాలు. ఎవరికి ఏ మేలు జరిగిందో లేచి నిలబడి అందరిముందూ చెప్పాలి, విన్నవాళ్ళు "స్తోత్రం" అనాలి. నేను లేచి నా వెండినీళ్ళ గురించి సాక్ష్యం చెప్పాను. మూడేళ్ళుగా జ్వరమన్నది ఎరగనన్నాను. హాలంతా స్తోత్రమంది. కూర్చునేలోపే నలుగురు నా చుట్టూ మూగారు.

అప్పటినుంచి నా మేడ ఫ్యాక్టరీ అయింది. పద్నాలుగు ఇళ్ళకి సీసాలు పంపాను. ఊరికే ఇచ్చాను, దేవుడిచ్చింది అమ్ముకుంటామా అని గొప్పలు కూడా పోయాను. "సుబేదారుగారి నీళ్ళు" అని పేరొచ్చింది. రిటైరై పన్నెండేళ్ళయింది, నా కోసం గుమ్మంలో మనుషులు నిలబడి పన్నెండేళ్ళయింది. అది ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను. అక్టోబరు మూడో ఆదివారం సండేస్కూలు పిల్లలందరికీ తలా ఒక చెంచా పోసి, వారానికి సరిపడా సీసా ఇంటికిచ్చి పంపుతానని మాటిచ్చాను. ముప్పై ఒక్కమంది పిల్లలు. మా స్తుతి అందులో ఒకతి.

ఆ ఆదివారానికి ముందు బుధవారం, ఐదు వారాల తర్వాత మొదటిసారి, జయశీలకి ఒకపూట సెలవు దొరికింది. మధ్యాహ్నం మేడ మీదికి జామకాయ ముక్కలు తెచ్చింది. నేను ఎండలో కూర్చుని ఉన్నాను. ముక్క అందుకుంటుంటే నా చెయ్యి పట్టుకుంది. గోరు నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. ఇంకో చెయ్యి తీసుకుంది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది.

"ఏంది మామయ్యా ఇది? ఆయాసమొస్తుందా? గుండెలో ఏమన్నా...?"

"నాకేం? గుండ్రాయిలాగా ఉన్నాను."

"లెగండి. ఆసుపత్రికి పోదాం" అంది. జామకాయ పళ్ళెం అక్కడే వదిలేసి ఆటో ఎక్కించింది.

గుండె వార్డులో కుర్ర డాక్టరు నన్ను చూడగానే పడుకోబెట్టాడు. పెదాలు నీలం, గోళ్ళు నీలం, ఇంకేం కావాలి అన్నట్టు తొందరపడ్డాడు. రక్తంలో ప్రాణవాయువు సరిగా లేదు, వెంటనే చేర్చుకుని తొడలో నుంచి గుండెకి గొట్టం పంపి చూడాలన్నాడు. వేలికి తగిలించిన యంత్రం మాత్రం ప్రాణవాయువు నిండుగా ఉందన్నట్టు తొంభై ఏడు చూపిస్తోంది. యంత్రం పాడైందేమో, ఇంకోటి తెమ్మన్నాడు. ఇంకోటీ తొంభై ఏడే అంది.

"సార్, ఏక్ మినట్" అంది జయశీల. "గుండె జబ్బుతో వచ్చిన నీలమైతే నొక్కినప్పుడు గోరు తెల్లబడాలి సార్. ఈయనకి తెల్లబడట్లేదు. రంగు రక్తంలో లేదు, చర్మంలో ఉంది."

తర్వాత నా వాచీ విప్పింది. మా సుబేదారు మెస్సులో బహుమతిగా ఇచ్చిన వాచీ, స్నానానికి తప్ప తీయను. పట్టీ కింద చర్మం నా పాత చామనఛాయలో ఉంది. పట్టీకి అటూ ఇటూ బూడిద. బనీను ఎత్తి చూసింది. ఎండ తగలని పొట్టకి ఒక రంగు, ఎండ తగిలే మెడకి ఒక రంగు. డాక్టరు కుర్రాడే గాని మంచివాడు, ఆమె చెప్పింది విని ఆగాడు.

"మామయ్యా, మేడ మీద ఏం తాగుతున్నారు?"

సుబేదారుని కదా, గర్వంగానే చెప్పాను. వెండినీళ్ళు, మూడేళ్ళుగా, రోజుకు రెండు గ్లాసులు, సొంతంగా తయారుచేసినవి. ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడి తల పట్టుకుంది.

చర్మం డాక్టరమ్మ వచ్చి చూసింది. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. ఆ కాగితం వారం తర్వాత వచ్చిందిగాని ఆమె అప్పుడే చెప్పేసింది. వెండి చర్మంలో దిగబడిపోయింది. ఎండ తగిలిన కొద్దీ ముదురుతుంది. ప్రాణానికి ముప్పు లేదు. ఇప్పుడే మానేస్తే ఇంతటితో ఆగుతుంది.

"మరి రంగు ఎన్నాళ్ళకి పోతుందండీ?" అన్నాను.

"నహీఁ జాయేగా, అంకుల్" అంది. ఇక పోదట.

నా మొహాన నెత్తురుచుక్క లేదు. ఉన్నా కనపడేది కాదనుకోండి.

ఇంటికి వచ్చాక జయశీల నన్ను ఓదారుస్తుందనుకున్నాను. గుమ్మం దాటకముందే అడిగింది. "ఇంకెవరికిచ్చారు?"

"ఎవరికిస్తే నీకెందుకు?"

"మామయ్యా. ఎవరికిచ్చారు?"

చెప్పాను. పద్నాలుగు ఇళ్ళు. ఆదివారం ముప్పై ఒక్కమంది పిల్లలు. ఆమె ఒక్కో ఇల్లూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ వింది.

"పిల్లలకా మామయ్యా? మీకు అరవై రెండేళ్ళు. వాళ్ళు ఈ రంగుతో ఎన్నేళ్ళు బతకాలి? పెళ్ళిళ్ళు కావాలి, ఉద్యోగాలకి పోవాలి..."

"వెండి ఏం చేస్తుందే? ఉగ్గుగిన్నెలో పాలు తాగి నీ కూతురు నీలమైందా?"

"ఉగ్గుగిన్నెలో వెండి గిన్నెలోనే ఉంటుంది మామయ్యా. మీ సీసాలో వెండి కడుపులోకి పోతుంది."

"ఉప్పు ఎక్కువైనట్టుంది. ఈసారి ఉప్పు లేకుండా చేస్తాను."

"ఉప్పు సంగతి నాకు చెప్పమాకండి, ఉప్పు కొఠార్లలో పుట్టాను. ఉప్పున్నా లేకపోయినా వెండి వెండే. దాంతో జ్వరం తగ్గుతుందని మా ఆసుపత్రిలో ఏ డాక్టరూ చెప్పలేదు. మీ దగ్గు తగ్గించింది ఇన్‌హేలర్." తర్వాత మెల్లగా అంది. "ఆదివారం మీరే చెప్పండి మామయ్యా. మీరు చెబితే వింటారు. నేను చెబితే మామగారి పరువు తీసిందంటారు. అన్నా నాకు బాధ లేదు. వినరు, అదీ నా భయం."

నా పరువు మాట వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. హాలు నిండా జనం ముందు, నేను ఇన్నాళ్ళూ విషం పంచానని లేచి చెప్పాలా?

"చెప్పను. నువ్వూ చెప్పడానికి వీల్లేదు. నువ్వు నర్సువి. డాక్టరువి కాదు."

ఆ మాట ఆమెను ఎక్కడ తాకిందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆమె "అవును మామయ్యా, నర్సునే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నథానియేలు మా ఇద్దరి మధ్యా నిలబడి, టీవీ కట్టేసి, మళ్ళీ పెట్టి, చివరికి ఆఫీసు ఫోనుందని బాల్కనీలోకి పోయాడు.

గురువారం నుంచి నేను మేడ దిగలేదు. ఆమె పొద్దుటి డ్యూటీ అడిగి వేయించుకుని మూడున్నరకి వచ్చేది, యూనిఫాం మార్చుకుని కూరగాయల సంచి పట్టుకుని మళ్ళీ బయటికి పోయేది. రెండు గంటల తర్వాత సంచి బరువుగా తెచ్చేది. అందులో నా సీసాలు గలగలలాడటం పైనుంచే వినపడేది. సింకులో పారబోసిన చప్పుడూ వినపడేది. ఇల్లిల్లూ తిరిగి నా పరువు గంగలో కలిపి వస్తోందని పళ్ళు నూరుకున్నాను. ఉత్తమ్‌నగర్, తిలక్‌నగర్, కంటోన్మెంట్, పాలం. జ్వరాల వార్డులో పని చేసొచ్చి, ఆ కాళ్ళతోనే మూడు రోజులు తిరిగింది. ఆదివారానికి మాత్రం నా దగ్గర కొత్తగా నింపిన డబ్బా సిద్ధంగా ఉంది. దాని జోలికి ఆమె రాలేదు. ఆమెకి మేడ మెట్లు తెలియక కాదు.

శనివారం సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. ఎవరూ లేరు, నేనే దిగి ఎత్తాను.

"వందనాలంకుల్. కస్తూరిని, పాలం నుంచి." ఎయిర్‌ఫోర్సులో పనిచేసే మా సంఘం కుర్రాడి భార్య. తొమ్మిది నెలల బాబు ఉన్నాడు. "అంకుల్, ఏమనుకోమాకండి. జయశీలక్క వచ్చి సీసా ఇమ్మంది, నేనివ్వలేదు. నీళ్ళలో పొరపాటుందని మీరే కనిపెట్టారంట కదా, మీరే ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెమ్మన్నారంట కదా. మిగతా పదమూడిళ్ళవాళ్ళు ఇచ్చేశారంట. పొరపాటైతే దాచిపెట్టే మనుషులే గాని ఒప్పుకునేవాళ్ళెవరంకుల్ ఈ రోజుల్లో, మా మామగారు వెంటనే ఒప్పుకున్నారని అక్క ఎంత గొప్పగా చెప్పిందో!"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"కానీ అంకుల్, బాబుకి పది రోజుల్నుంచి మూడు పూటలా పడుతున్నా. ఊరంతా జ్వరాలు. మానాలంటే భయంగా ఉంది. మీ నోటితో మీరు చెప్పండి. మీరు పట్టించమంటే పట్టిస్తా, వద్దంటే మానేస్తా."

పట్టించమ్మా అని ఒక్క మాట అంటే చాలు, సుబేదారుగారి నీళ్ళు నిలబడతాయి. ఎదురుగా గోడకి అద్దముంది. అందులో నా మొహముంది. తొమ్మిది నెలల పిల్లవాడు ఆ మొహంతో బడికి పోవడం, ఆ మొహంతో పెళ్ళిచూపులకి కూర్చోవడం కళ్ళకి కట్టింది. నేను 'నర్సువి' అని హీనపరిచిన మనిషి, మర్నాడే మొదలుపెట్టి పదమూడు గుమ్మాలు ఎక్కి నన్ను నిజాయితీపరుణ్ణి చేసి చూపించింది. సిగ్గేసింది. పచ్చిగా చెప్పాలంటే ఏడ్చాను.

"పారబొయ్యమ్మా. ఒక్క చుక్క కూడా పట్టొద్దు. మిగతాది రేపు చర్చిలో చెబుతా" అన్నాను.

పైకెళ్ళి డబ్బా నేనే పారబోశాను. బ్యాటరీల తీగలు కత్తిరించాను.

ఆదివారం సాక్ష్యాల వేళకి లేచాను. ముందు వరుసలో ముప్పై ఒక్కమంది పిల్లలు నా చేతిలో డబ్బా కోసం చూస్తున్నారు. ఆడవాళ్ళ వైపు చివరి కుర్చీలో జయశీల కూర్చుంది. నేను ఏం చెబుతానో ఆమెకి తెలియదు. నేను చెప్పకపోతే లేచి తనే చెప్పడానికి సిద్ధపడి వచ్చిందని ఆ కూర్చున్న తీరులోనే తెలిసింది. నేను వాచీ విప్పి జేబులో వేసుకున్నాను. చొక్కా చేతులు మడిచాను. రెండు చేతులూ ఎత్తి చూపించాను.

"మీరంతా నేను నల్లబడ్డానన్నారు. ఇది నలుపు కాదు. వెండి. నేను తాగిన వెండి. ఇది ఇంక పోదు. నేను పోయేదాకా నాతోనే ఉంటుంది. నా దగ్గు తగ్గింది ఇన్‌హేలర్‌తో, సాక్ష్యం చెప్పింది వెండికి. ఆ సాక్ష్యం తప్పు. ఈ పొరపాటు నేను కనిపెట్టలేదు, మా కోడలు కనిపెట్టింది. సీసాలు వెనక్కి తెమ్మన్నది నేను కాదు, మా కోడలే. నేను వద్దని తిట్టాను. ఆమె మీ ఇళ్ళకొచ్చి నా పరువు నిలబెట్టింది. అది నాకు తగని పరువు. అందుకని మీ ముందు వెనక్కి ఇచ్చేస్తున్నాను."

సాక్ష్యం అయిపోతే స్తోత్రం అనాలి. ఇలాంటిదానికి అనాలో కూడదో ఎవరికీ తెలియలేదు. పాస్టరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. అంతలో వెనకనుంచి కస్తూరి లేచింది. బాబుని గుండెలకి గట్టిగా పట్టుకుని ఉంది.

"అంకుల్, మా బాబు పది రోజులు తాగాడు. వాడికేమవుద్ది?"

హాలంతా నా వైపే చూసింది. నలభై ఏళ్ళుగా నన్ను ఎవరేమడిగినా ఏదో ఒక జవాబు చెప్పడమే నాకు తెలుసు.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "మా కోడల్ని అడుగు. ఆమె నర్సు."

నేను కూర్చున్నాను. జయశీల లేచి నిలబడింది.